నా పేరు పెంటయ్య.. నవ్వొచ్చిందా?

ముందు నవ్వేయండి, పర్లేదు. నాకు అలవాటే. స్కూల్లో అటెండెన్స్‌లో ‘పెంటయ్య’ అనగానే వెనక బెంచీ వాళ్లు ముక్కు మూసుకునేవారు. ఇంజినీరింగ్‌కి వచ్చాక ఫ్రెండ్స్ ఫోన్లలో నా నంబర్ పక్కన పేరుండేది కాదు, ఆ గోధుమరంగు ఎమోజీ ఒక్కటే! అందుకే ఉద్యోగం రాగానే పేరు మార్చుకోవాలనుకున్నా. అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్.. అన్నీ కనుక్కున్నా.

సంతకం పెట్టేముందు నానమ్మకు చెప్పా. అది తాత పేరు కదా, బాధపడుతుందేమోనని. ఆమె బాధపడలేదు, కథ చెప్పింది.

‘‘మీ తాతకంటే ముందుగల్ల ముగ్గురు పుట్టిన్రు బిడ్డా. ఒక్కరూ దక్కలె. తాత పుట్టంగనే చేటల వెట్టి పెంటకుప్ప మీద పండవెట్టిన్రు. పక్కింటామె ‘ఈడెవడో నాకు దొరికిండు’ అని ఎత్తుకొచ్చింది. మా అత్త ఆమెకు నూకలిచ్చి కొనుక్కున్నది.’’

కన్నబిడ్డను కొనుక్కుంది! పారేసిన పిల్లాడు, ఎవరికీ అక్కర్లేనివాడు అనుకుని చావు వాడి వంక చూడకూడదని. 1951లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 146 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020కి అది 28. తాత పుట్టింది 1951 కంటే ముందే.

నేనొక్కడినే కాదులెండి. ఎంగిలాకుల మీద పొర్లిస్తే పుల్లయ్య. తవుడిచ్చి కొంటే ఉత్తరాంధ్రలో తవిటయ్య, తవిటమ్మ. బిచ్చంగా అడిగి తెచ్చుకుంటే బిచ్చమ్మ. 1934లో ‘లవకుశ’ తీసిన డైరెక్టర్ పేరు కూడా పుల్లయ్యే, సి.పుల్లయ్య.

అలాగని చెడ్డగా వినిపించే పేర్లన్నీ ఒకటి కాదు. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో మళ్లీ ఆడపిల్లే పుడితే ‘నకుశా’ అని పెట్టేవారు. అంటే అక్కర్లేనిది. 2011లో అధికారులు అక్కడ 285 మంది అమ్మాయిలకు కొత్త పేర్లు పెట్టించారు. మంచి పని. ఆ పేరు నిజంగానే వద్దనుకుని పెట్టింది. నాది వద్దన్నట్టు నటించి పెట్టింది.

ఇదంతా విని గర్వంతో పొంగిపోయానని చెప్పను. గెజిట్ కాగితాలు చింపలేదు, డ్రాయర్‌లోనే ఉన్నాయి. కాఫీ షాప్‌లో పేరడిగితే ఇప్పటికీ ‘ప్రణయ్’ అనే చెప్తా. కాకపోతే మొన్న ఆఫీసులో కొత్తగా చేరినమ్మాయి ‘ఇదేం పేరండీ?’ అంటే, లంచ్ టైమంతా కూర్చోబెట్టి చేట, నూకల కథ చెప్పా. విని, వెంటనే ఫోన్ తీసి వాళ్లమ్మకు కాల్ చేసింది.

వాళ్ల అమ్మమ్మ పేరు పుల్లమ్మట.