బాడ్‌గామ్ పోరాటమున మేజరు సోమనాథశర్మ

సేనాని పని యనగా ఆజ్ఞ లిచ్చుటయే యని మనలో పలువురము తలంతుము. మేజరు సోమనాథశర్మ తన తుదిదినమున చేసిన పనులను చూతము.

హాకీ యాటలో ఆయన ఎడమచేయి విరుగగా ప్లాస్టరుకట్టు వేసిరి. అట్టివాడు యుద్ధమునకు పోనక్కరలేదు. అయినను పట్టుబట్టి తన దళముతో కాశ్మీరమునకు పోయెను.

పాకిస్తాను వైపునుండి చొరబడిన దండుల నెదుర్కొనుటకు మన సేనకు శ్రీనగరు విమానాశ్రయమే ఆధారము. సైనికులు, మందుగుండు, సమస్తమును అచ్చటనే దిగవలెను. 1947 నవంబరు 3వ తేదీన దానికి సమీపమున బాడ్‌గామ్ గ్రామమువద్ద, కుమావూన్ రెజిమెంటునకు చెందిన శర్మ దళముపై సుమారు 500 మంది విరుచుకుపడిరి. మనవా రొక్కరికి వారేడుగురు!

శర్మ గుండ్లవానలో బయలుననే పరుగిడుచు ఒక్కొక్క జట్టునకు ధైర్యము చెప్పెను. ఆకాశమునుండి చూచు వైమానికునకు తనవా రెవరో, పరు లెవరో తెలియదు గదా! అందుచే శత్రువుల కన్నులయెదుటనే నేలపై గుడ్డపట్టీలు పరచి, మన విమానములకు గురి చూపెను. సిపాయిలు పలువురు కూలుటచే మరతుపాకులు మందగించెను. తూటాలు నింపుట మామూలుగా సిపాయి పని. మేజరు ఆ కట్టుగట్టిన చేతితోనే నింపి, పేల్చువారి కందించుచుండెను. ఇంతలో ఒక మోర్టారుగుండు ఆ మందుగుండు నడుమ పడి ప్రేలెను. ఆయన మరణించెను. వయస్సు 24 సంవత్సరములు.

ఆ పిమ్మట ఆరు గంటలసేపు దళము పోరాడెనని, 1950లో ఆయనకు ప్రకటించిన పరమవీరచక్రపు ప్రశంసాపత్రమున గలదు. ఆ పతకమునకు ఆయనయే ప్రథముడు. విమానాశ్రయము శత్రువులకు చిక్కలేదు.