అమ్మాయిని ఎవరడిగారు?



ప్రేమ నవలలను గూర్చి ఒక పాస్టరు వ్రాస్తున్నాడంటే, అవి చదవకూడదని చెప్పడానికే అని మీరు అనుకొంటారు. ఏడాది క్రితమైతే మేమూ అదే వ్రాసి ఉండేవారము. ఇప్పుడు చదివి వ్రాస్తున్నాము. చదవక ముందు మాకున్న అభిప్రాయాలలో కొన్ని నిలిచాయి, కొన్ని పడిపోయాయి. ఒక ప్రశ్న మాత్రము తిరిగి మా మీదికే వచ్చింది. దానిని కూడా దాచకుండా చెప్పాలని కూర్చున్నాము.

సంగతి ఇలా మొదలైంది. మేము నంద్యాలలో కాపురముంటూ, నెలకు రెండు ఆదివారాలు ఆళ్లగడ్డ వైపు సంఘాలలో ఆరాధన జరిపించడానికి వెళ్తాము. అక్కడ ఒక తల్లి ఆరాధన ముగిసిన తరువాత కూతురిని వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చింది. పిల్ల డిగ్రీ చదివింది. సంబంధము కుదిరింది. కొద్ది వారాలలో గుడిలో పెండ్లి ప్రకటన చదవడము మొదలు పెట్టవలసి ఉంది.

"అయ్యగారూ, మీరన్నా చెప్పండి ఈ పిల్లకు. పగలూ రాత్రీ ఫోన్లో ప్రేమ కథలు చదువుకుంటా కూర్చుంటాది. పెండ్లి మాటెత్తితే మొగం మాడ్చుకుంటాది. ఆ కథలే దీన్ని చెడగొట్టినాయి" అన్నది తల్లి.

మేము అలవాటు ప్రకారము నాలుగు మాటలు చెప్పాము. లోకము మాయ అన్నాము. సమయము విలువైనది అన్నాము. పిల్ల తల వంచుకొని అంతా విని, చివరకు మెల్లగా అడిగింది: "అయ్యగారూ, మీరు వాటిల్లో ఒక్కటన్నా చదివినారా?"

తల్లికి కోపము వచ్చింది. మాకు రాలేదు. ప్రశ్న న్యాయమైనదే. మేము చదవలేదు. "చదివి వచ్చి మాట్లాడతాములేమ్మా" అని చెప్పి బస్సెక్కాము.

అద్దె పుస్తకాల కాలము

తిరుగు ప్రయాణములో, బస్సు శిరివెళ్ళ దాటుతుండగా, మా తల్లి జ్ఞాపకము వచ్చింది. ఆమె చిన్న బడిలో టీచరు. సాయంత్రము వంట ముగించి, మా చేతిలో చిల్లర పెట్టి, అద్దె పుస్తకాల షాపుకు పంపేది. తెచ్చిన నవలకు పాత వార్తాపత్రికతో అట్ట వేసేది. మా తండ్రి సంఘ పెద్ద. ఆయన చూస్తే బాగుండదని అలా చేసేది. ఆయనకు తెలియదనుకొనేవారము. ఆయనకు తెలుసునని తరువాత తెలిసింది. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ మాట్లాడని సంగతి అది.

ఇంటికి వచ్చి మా ఇంటావిడతో "ప్రేమ నవలలు చదవాలి, ఏవి మంచివి?" అన్నాము. ఆమె నవ్వి, అప్పటికప్పుడు జాబితా చెప్పింది. ఇన్నేళ్ళ కాపురములో ఆమె ఇవన్నీ చదివిందన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది!

మొదట చదివినది యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. కృష్ణా జిల్లా కాజ గ్రామములో 1940లో పుట్టిన ఆమె, 2018లో అమెరికాలో కన్నుమూశారు. 'సెక్రటరీ' 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, తెలుగు ఇండ్లలో ఆడవారి చేతికి నవలను అందించిన పుస్తకాలలో ముఖ్యమైనదిగా నిలిచింది. 1976లో సినిమాగా కూడా వచ్చింది. ఆమెదే 'మీనా' 1973లో విజయనిర్మల గారి దర్శకత్వములో సినిమా అయింది. 2016లో వచ్చిన 'అ ఆ' సినిమాకూ ఆ కథే ఆధారము. 'జీవన తరంగాలు' కూడా 1973లోనే తెర మీదికి వచ్చింది. పుస్తకము కొనలేనివారు అద్దెకు తెచ్చుకొన్నారు, చదవలేనివారు సినిమాహాలులో చూశారు. ఏదో ఒక దారిన ఈ కథలు ప్రతి ఇంటికీ చేరాయి.

మాకు నచ్చినవి

చదవక ముందు, ఈ నవలలలో ఆడపిల్లలు కలలు కంటూ, ఏడుస్తూ కూర్చుంటారని అనుకొన్నాము. 'సెక్రటరీ'లో జయంతి అలాటిది కాదు. ఉద్యోగము చేసుకొని బ్రతికే మధ్యతరగతి పిల్ల. యజమాని రాజశేఖరము ధనవంతుడు, అందగాడు. అయినా తన గౌరవము తగ్గుతున్నదని తోచిన చోట ఆమె తలవంచదు. ఆ పట్టుదలలో కొంత అపార్థము, కొంత అహంకారము ఉన్నాయి. కాని ఆడపిల్ల గడప దాటి ఉద్యోగానికి వెళ్ళడమే ఊరంతా మాట్లాడుకొనే ఆ రోజులలో, తన జీతము మీద తాను నిలబడిన ఒక అమ్మాయిని చూపడము చిన్న సంగతి కాదు. మా తల్లి ఆ పుస్తకానికి ఎందుకు అట్ట వేసి దాచుకొన్నదో ఇప్పుడు కొంత అర్థమైంది. నెల జీతము తెచ్చి భర్త చేతిలో పెట్టిన టీచరు ఆమె.

'మీనా'లో, అధికారము చేసే తల్లి చేతి కింద పెరిగిన ధనవంతుల పిల్ల పల్లెకు వెళ్ళి, అక్కడి మనుష్యులను, వారి పనిని, ప్రేమను తెలుసుకొంటుంది. ఆ పుస్తకము చదివాక మేము తండ్రులుగా, తల్లులుగా మన మాట తీరు ఎలా ఉన్నదో ఆలోచించుకొన్నాము.

యండమూరి వీరేంద్రనాథ్ గారి 'వెన్నెల్లో ఆడపిల్ల' ఫోనులో గొంతు మాత్రమే విని ఒక అమ్మాయి కోసము వెదికే యువకుని కథ. దానిని 1995లో కన్నడములో 'బెళదింగళ బాలె' పేరుతో సినిమా తీశారు. ముఖము చూడక ముందు మాట విని, మాటలోని తెలివిని ప్రేమించడము అందులో ఉన్నది. ఫోటో, కట్నము, ఉద్యోగము చూసి ముగించే మన సంబంధాలలో మాటకు ఎంత చోటున్నది?

మాకు నచ్చనివి

ఆళ్లగడ్డలో రోడ్డు ప్రక్కన శిల్పులు రాతిని చెక్కుతూ ఉండడము ఆ దారిన పోయేవారందరూ చూసినదే. ఈ నవలల నాయకులను చూస్తే మాకు ఆ శిల్పాలే గుర్తుకు వచ్చాయి. పొడుగు, ముక్కు, కన్ను, భుజము, అంతా కొలత ప్రకారమే. కాని రాతి మనిషికి జ్వరము రాదు. అప్పు పుట్టదు. పొలములో బోరు ఎండిపోదు. మా సంఘాలలో పెండ్లికొడుకులు మేస్త్రి పనివారు, ఆటో నడిపేవారు, బెంగళూరులో చిన్న ఉద్యోగము చేసేవారు. కారు దిగి వచ్చే నాయకునితో రోజూ పోల్చి చూస్తే, ఆ పిల్లలు ఎవరికీ ఆనరు. ఇది నష్టమే.

రెండవది, చాలా నవలలు పెండ్లితో ముగిసిపోతాయి. మా పని పెండ్లితో మొదలవుతుంది. దీనికి వేరుగా మేము చదివినది రంగనాయకమ్మ గారి 'బలిపీఠం'. దళిత యువకుడు, బ్రాహ్మణ వితంతువు చేసుకొన్న పెండ్లి తరువాత ఏమి జరిగిందో అది చెప్పుతుంది. 1975లో సినిమాగా కూడా వచ్చింది. మంచి ఉద్దేశము ఒక్కటే కాపురాన్ని నిలబెట్టదని చూపిన పుస్తకము అది. పెండ్లి కుదిరినవారు చదివితే మేలని మాకు తోచింది.

మూడవది చెప్పడానికి కొంచెము బాధగా ఉంది. 'బలిపీఠం' వంటిది తప్పిస్తే, మేము చదివిన వాటిలో మన పేటలు, మన ఇండ్లు కనబడలేదు. గుడి గంట విని లేచే ఇల్లు, కూలి డబ్బులో కానుక తీసిపెట్టే తల్లి ఒక్కచోటా లేరు. మన పిల్లలు ప్రేమను గూర్చి చదివినప్పుడు అది ఎప్పుడూ వేరే ఎవరి ఇంట్లోనో జరుగుతుంది. క్రైస్తవ ప్రేమ నవలలు లేవా అంటే, అమెరికాలో ఉన్నాయి. 1979లో జానెట్ ఓక్ 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' వచ్చింది. 1991లో ఫ్రాన్సీన్ రివర్స్ హోషేయ ప్రవక్త కథ ఆధారముగా 'రిడీమింగ్ లవ్' వ్రాశారు. మన తెలుగు సంఘాలలో చదువుకొన్న అక్కచెల్లెండ్రు ఎందరో ఉన్నారు. మన పేట కథ మనమే వ్రాయాలి గదా!

ఫోనులోని కథలు

ఇప్పుడు అద్దె పుస్తకాల షాపులు కనబడడము లేదు. 1978లో మొదలై నెలకొక నవల ఇచ్చిన 'చతుర' 2021లో ఆగిపోయింది. మన పిల్లలు చదివేది ఫోనులో. 2014లో బెంగళూరులో మొదలైన 'ప్రతిలిపి' వంటి వాటిలో ఎవరైనా వ్రాయవచ్చును, ఎవరైనా చదవవచ్చును. కథ భాగాలు భాగాలుగా వస్తుంది. ప్రతి భాగము సరిగ్గా ఆసక్తి పుట్టిన చోట ఆగుతుంది. ఒక రాత్రి మేము పదకొండు భాగాలు చదివి, తెల్లవారి ప్రార్థనకు ఆలస్యముగా లేచాము. కాబట్టి పిల్లలను తిట్టే అర్హత మాకు కొంత తగ్గింది.

వ్రాసేవారిలో గృహిణులు, చదువుకొనే పిల్లలు కూడా ఉన్నారు. కొందరి కలము చక్కగా ఉంది. అయితే ఒక రకము కథలను గూర్చి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. నాయకుడు పెద్ద కంపెనీ యజమాని. అమ్మాయిని బెదిరించి పెండ్లి చేసుకొంటాడు. గదిలో పెట్టి తాళము వేస్తాడు. చెంప మీద కొడతాడు. ఇరవై భాగాల తరువాత అదంతా ప్రేమ అని తేలుతుంది. అది ప్రేమ కాదు. కొట్టే చెయ్యి పెండ్లి తరువాత ఆగుతుందని నమ్మి వెళ్ళిన ఆడపిల్లలు మా ఇంటి వరండాలో కూర్చొని ఏడ్చిన రోజులు మేము చూశాము. పిల్లల చేతిలోని ఫోను లాక్కోవద్దు. ప్రక్కన కూర్చొని "ఇతడు చేసినది సరియేనా?" అని అడగండి. వారే చెప్తారు.

తిరిగి వచ్చిన ప్రశ్న

రెండు నెలల తరువాత ఆళ్లగడ్డ వెళ్ళి ఆ పిల్లను, తల్లిని కూర్చోబెట్టి మేము చదివినవన్నీ చెప్పాము. కొట్టే నాయకుల సంగతి చెప్పాము. "అవి నాకూ నచ్చవు అయ్యగారూ, వదిలేస్తాను" అన్నది. మరి ఏవి నచ్చుతాయని అడిగితే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నది:

"మంచి కథల్లో ఆ అబ్బాయి ఒకసారి అడుగుతాడు, నీకు ఇష్టమేనా అని. నన్ను మా నాయన అడగల్యా. మా అమ్మ అడగల్యా. మీరూ అడగలేదు గదా అయ్యగారూ."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పెండ్లి క్రమములో వధూవరులిద్దరినీ సంఘము ఎదుట అడుగుతాము, నిజమే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము రిజిస్టరులో సంతకాలు చేయిస్తాము. కాని అప్పటికి బంధువులందరూ దిగి ఉంటారు. పెండ్లి భోజనము పొయ్యి మీద ఉంటుంది. తండ్రి తెచ్చిన అప్పు ఖర్చై ఉంటుంది. ఆ ఘడియలో నోరు తెరచి కాదని చెప్పగల పిల్ల ఎవరు? మేము అడిగినది అడిగినట్టు కాదు.

ఆదికాండములో అబ్రాహాము సేవకుడు సంబంధము కోసము వచ్చినప్పుడు, అన్నయు తల్లియు రిబ్కాను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్తావా అని ఆమెనే అడిగిన సంగతి మనకు తెలుసు. దాని మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఒంటెలను గూర్చి, బావిని గూర్చి, కడియాలను గూర్చి చెప్పాము. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రము ఎన్నడూ ఆగలేదు.

ఆ పిల్ల కోరినది పెద్దదేమీ కాదు. ముందు బి.ఇడి. పూర్తి చేయాలి; అబ్బాయితో ఒకసారి మాట్లాడాలి. మేము తండ్రితో మాట్లాడాము. అవతలివారు ఆగలేమన్నారు. సంబంధము తప్పిపోయింది. తండ్రి మా మీద కోపముతో కొన్ని నెలలు గుడికి రాలేదు. ఇప్పుడు వస్తున్నాడు, కాని వందనము చెప్పి త్వరగా వెళ్ళిపోతాడు. ఆయన బాధ మాకు తెలుసు. కుదిరిన సంబంధము పోతే పేటలో నలుగురి మాట పడవలసినది ఆయనే. మేము చేసినది సరియే అని నమ్ముతున్నాము. అయినా ఆయన వెళ్ళిపోతున్నప్పుడు చూస్తే మనస్సు బరువెక్కుతుంది. పిల్ల నంద్యాలలో హాస్టలులో ఉండి చదువుకొంటున్నది.

అప్పటి నుండి మా సంఘాలలో ఒక పద్ధతి పెట్టుకొన్నాము. మొదటి ప్రకటన చదవక ముందే అమ్మాయిని, అబ్బాయిని వేరువేరుగా పిలిచి, తల్లిదండ్రులు లేకుండా, మా ఇంటావిడ సమక్షములో అడుగుతాము. ఇష్టము లేదని చెప్పినా వారి పేరు బయటకు రాదని మాట ఇస్తాము. ఇది ఖర్చులేని పని, పావుగంట పని. ఎందుకు ఇంతకాలము చేయలేదో తెలియదు.

ఆ రాత్రి నంద్యాల చేరి మా ఇంటావిడను అడిగాము, మన పెండ్లికి ముందు నిన్ను ఎవరైనా అడిగారా అని. ఆమె గిన్నెలు సర్దుతూ, "ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు" అన్నది. కొంచెము ఆగి, "ఇప్పుడు అడుగుతున్నారా?" అన్నది.

అడిగాము. జవాబు మా ఇద్దరి మధ్య ఉండనివ్వండి. మీ ఇంట్లో మీరు అడగండి.