పికప్ బండి కమాను కట్టలు కుంగినప్పుడు

తెల్లాపూర్ పొలిమేరలలో ఈనాడు నాగలి కంటె క్రేను ఎక్కువగా కనిపించును. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నగరము పడమటికి పెరుగుచు వచ్చి, ఈ ప్రాంతపు చేలలో పెక్కింటిని తనలో కలుపుకొన్నది. అయినను శంకర్‌పల్లి వైపు రైతులు టమాటా, క్యారెట్, ఆకుకూరలు పికప్ బండ్లకు ఎత్తి, తెల్లవారుజామున కొల్లూరు, తెల్లాపూర్ మీదుగా కూకట్‌పల్లి రైతుబజారు వైపు సాగుచునే యున్నారు. పగటిపూట అవే బండ్లు నర్సరీలకును, కొత్త ఇండ్ల తోటలకును ఎర్రమట్టి, పశువుల ఎరువు తోలుచుండును.

ఈ బండ్లలో కొన్ని ఖాళీగా నిలిపినప్పుడు సైతము బరువు మోయుచున్నట్లే వెనుకకు కుంగి కనిపించును. వ్యవసాయ పత్రికలో మోటారు బండి ముచ్చట ఏల అని కొందరు అనుకొనవచ్చును. ఎద్దు కుంటినచో రైతు ఆ పూటే గిట్ట ఎత్తి చూచును. బండి నడుము వంగినచో ఏండ్ల తరబడి చూడడు. వెనుక కుంగిన బండికి ముందు దీపములు మీదికి లేచి ఎదుటివాని కన్నులు చెదరగొట్టును. గుంతలో దిగినప్పుడెల్ల ఇరుసు చట్రమునకు గట్టిగా తగులును. ఆ దెబ్బకు అడుగు పెట్టెలలోని టమాటా నలిగి, బజారు చేరునప్పటికి ధర తెగిపోవును.

కమాను అనునది పారశీక పదము. విల్లు అని అర్థము. ఉక్కు పట్టీలను విల్లువలె వంచి, పొడుగుదాని క్రింద పొట్టివి వరుసగా పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగించి, యూ బోల్టులతో ఇరుసుకు కట్టుదురు. బరువు పడినప్పుడు విల్లు చదునగును, దింపినప్పుడు మరల లేచును. మోయదగినంత బరువే మోసినచో ఈ ఆట లక్షల పర్యాయములు సాగును. ఉక్కు ఓర్పును మించి వంగినచో కొంత వంపు తిరిగి రాదు. కుంగుట అనగా ఇదే.

పట్టీ మందమును గూర్చి రైతులు తెలిసికొనవలసిన లెక్క యొకటి కలదు. పట్టీ బిగువు దాని మందపు ఘనమును అనుసరించును. 8 మిల్లీమీటర్ల పట్టీ తుప్పు తిని 7 మిల్లీమీటర్లైనచో, పోయినది ఎనిమిదింట ఒక వంతే అయినను బిగువులో ఇంచుమించు మూడింట ఒక వంతు తరుగును. అందుచేత ఎరువులు తోలు బండ్ల కమానులు ఇసుక తోలు బండ్ల కమానుల కంటె త్వరగా నీరసించుటలో వింత లేదు. పశువుల మూత్రము, తడి ఎరువు, సంచులనుండి రాలిన యూరియా, పొటాషు పట్టీల నడుమ చేరి ఉక్కును తినును.

మేస్త్రీ యొద్దకు పోకముందు కొలత తీయవలెను. బండిని ఖాళీ చేసి చదునైన నేలపై నిలిపి, చక్రములలో గాలి సరిచూడవలెను. చక్రపు నడిబొడ్డునుండి నిట్టనిలువుగా పైకి, మడిగార్డు అంచువరకు టేపుతో కొలవవలెను. నేలనుండి కొలిచినచో చక్రముల అరుగుదల, గాలి తేడా లెక్కను చెరచును. రెండు ప్రక్కల కొలతలు వ్రాసికొని, అదే రకపు కొత్త బండి కొలతతో పోల్చిచూడవలెను. రెండు ప్రక్కలు సమానముగా తగ్గినచో కట్టలు అలసినవని అర్థము. ఒక ప్రక్కనే అంగుళమో, అంతకు మించియో తగ్గినచో విరిగిన పట్టీ యుండునని అనుమానింపవలెను. వైరు బ్రష్షుతో మట్టి రాల్చి, సెంటర్ బోల్టు దాపునను, పట్టీల చివరలందును సన్నని తుప్పుగీతకై వెదుకుడు.

అప్పుడే షాకిలును కూడ చూడవలెను. కమాను చదునైనకొద్దీ దాని పొడవు సాగి, షాకిలును వెనుకకు నెట్టును. ఖాళీ బండిలోనే షాకిలు పూర్తిగా వాలి యుండినచో కట్టలో ఇక ఆట మిగులలేదన్నమాట. సెంటర్ బోల్టు తెగినచో ఇరుసు ప్రక్కకు జరిగి, బండి పీతవలె వాలుగా నడచును. ముందు చక్రము నడిబొడ్డునుండి వెనుక చక్రము నడిబొడ్డువరకు రెండు ప్రక్కల కొలిచిన ఈ దోషము బయటపడును. దీనికి టేపు తప్ప మరే పనిముట్టు అక్కరలేదు.

ఇక రోడ్డు ప్రక్కన దొరకు చికిత్సల సంగతి. షాక్ అబ్సార్బర్లు మార్చినచో బండి లేచునని చెప్పి సొమ్ము ఖర్చు పెట్టించువారు కలరు. సామాన్యపు షాక్ అబ్సార్బరు ఊపును అణచునే గాని బరువును మోయదు. ఇరుసుకును కట్టకును నడుమ దిమ్మె పెట్టుట, పొడుగు షాకిళ్లు వేయుట మరికొందరి పద్ధతి. వీనివలన తొట్టి పైకి లేచుట నిజమే. అలసిన ఉక్కు అలసినట్లే యుండును, మీదుమిక్కిలి ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి జాయింట్లు అరుగును. గ్యాసు మంటతో పట్టీని ఎర్రగా కాచి, సుత్తితో వంచి, గాలికి ఆరవేయుట అన్నింటికంటె చెడ్డది. కమాను ఉక్కుకు బిగువు వచ్చునది కొలిమిలో సమముగా కాచి, నూనెలో ముంచి, తిరిగి తగు వేడిలో పదును పెట్టుటవలన. ఆ పదును మంటతో పోయినచో పట్టీ కొలది దినములలో మరల చదునగును.

సరియైన దారులు రెండే. పట్టీలకు పగుళ్లు లేక, మందము తరుగక, వంపు మాత్రమే పోయినచో, కొలిమియు నూనె తొట్టియు గల కమాను షాపులో కట్టనంతయు విప్పించి, వంపు తెప్పించి, పదును పెట్టింపవచ్చును. ముంబయి రహదారిపై లారీల రాకపోకలు అధికము గనుక ఈ పని తెలిసినవారు పటాన్‌చెరు వైపు దొరకుట కష్టము కాదు. పట్టీలు అరిగినను, విరిగినను కంపెనీ కొలత ప్రకారము కొత్త కట్టలు వేయుటయే మేలు. ఏ పద్ధతియైనను రెండు ప్రక్కల ఒకేసారి చేయింపవలెను. ఒక ప్రక్కనే మార్చిన బండి ఎప్పటికిని ఒరిగియే నడచును.

అదనముగా ఒక పట్టీ వేయింతుమా అని రైతులు తప్పక అడుగుదురు. వేయుట వలన కట్ట బిగువు పెరుగును, ఎత్తును కొంత పెరుగవచ్చును. కాని ఇరుసు, బేరింగులు, బ్రేకులు, చక్రములు మునుపటివే. ఆర్.సి.లో వ్రాసిన బరువు కూడ పెరుగదు. 2019 సవరణ ప్రకారము మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను క్రింద అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్ను ఒక్కింటికి మరి 2,000 రూపాయలు పడును. ఒక్క పట్టీని నమ్మి ఇంత తలకెత్తుకొనుట గిట్టుబాటు బేరము కాదు.

బ్రేకుల మాట మరువరాదు. కొన్ని బండ్లలో వెనుక ఇరుసుకు సన్నని కడ్డీతో తగిలించిన వాల్వు యుండును. తొట్టి ఎంత దిగినదో చూచి, వెనుక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపవలెనో అది నిర్ణయించును. కుంగిన బండి ఖాళీగా యున్నను బరువున్నదని అది పొరబడును. వానలో బ్రేకు త్రొక్కినప్పుడు వెనుక చక్రములు బిగిసి జారవచ్చును. దిమ్మెలతో ఎత్తిన బండిలో దీనికి తలక్రిందులుగా, బరువున్నను వెనుక బ్రేకు చాలదు. కమాను పని అయిన తరువాత ఈ వాల్వును సరిచేయించనిదే బండిని ఔటర్ రింగు రోడ్డు ఎక్కింపరాదు.

బరువు విషయమున కూరగాయలు అంతగా మోసము చేయవు. 25 కిలోల పెట్టెలు 60 ఎత్తినచో టన్నున్నర అని వ్రేళ్లపై లెక్కించవచ్చును. మోసమంతయు మట్టిలో నున్నది. 9 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు గల తొట్టిలో తడిసిన ఎర్రమట్టి ఒక్క అడుగు ఎత్తున పోసినచో రమారమి రెండు టన్నులు దాటును. మహీంద్రా బొలెరో పికప్పులలో పెక్కు రకములు 1.3 నుండి 1.7 టన్నులు మోయునవి. కంటికి సగము తొట్టియే నిండినట్లుండును, కమాను మాత్రము హద్దు దాటిపోయి యుండును. పెట్టెలను వెనుక తలుపు వైపుకు పేర్చుటయు ఇట్టిదే. ఇరుసుల నడుమ దూరము 10 అడుగులనుకొన్నచో, 1500 కిలోల బరువు మధ్యభాగము వెనుక ఇరుసుకు ఒక అడుగు అవతల పడినప్పుడు వెనుక కమానులపై 1650 కిలోలు పడి, ముందు చక్రములపై 150 కిలోలు తేలిపోవును. స్టీరింగు తేలికైనదని సంతోషించు డ్రైవరు దిగి తొట్టిని చూడవలెను.

కట్టలు బిగించునప్పుడు పాత యూ బోల్టులు తిరిగి వాడరాదు. ఒకసారి సాగిన మరలు మరల పట్టు నిలుపవు. రబ్బరు బుష్‌లు గల షాకిలు బోల్టులను బండి నేలపై నిలిచి తన బరువు తాను మోయుచుండగా కడపటి బిగింపు బిగింపవలెను. గాలిలో బిగించినచో రబ్బరు మెలి తిరిగి త్వరలో చినుగును. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట యూ బోల్టులను టార్క్ రెంచితో మరియొకసారి సరిచూపించి, ఎత్తును అదే టేపుతో కొలిపించి, తేదీతో సహా బండి కాగితముల సంచిలో వ్రాసి పెట్టుకొనుడు. ఎరువు తోలిన దినమున సాయంకాలము బండి క్రిందికి నీటి గొట్టము పెట్టి కమాను కట్టలు కడిగించుడు.