తోబుట్టువు కట్టిన సద్దిమూట

ఢిల్లీ నగరమున ఖారీ బావలీ బజారునందలి ఎండుఫలముల అంగళ్లలో, హిమాలయసీమల చిల్గోజా గింజలును, దక్షిణదేశపు ఎండుకొబ్బరి గుండులును ఒక్క కప్పు క్రిందనే కానవచ్చును. రెండును కమ్మనివి, రెండును చమురు గలవి, రెండును పుట్టబోవు మొక్కకై చెట్టు కట్టియిచ్చిన సద్దిమూటలే; అయినను వాని పుట్టుకలయందు మహాభేదము గలదు.

చిల్గోజా సరళజాతి వృక్షము. దాని గింజలు ఫలమున దాగక శంకువు పొలుసులపై వివృతముగ నుండును. ఆ గింజలోని ఆహారము తల్లి వంతు మాత్రమే గలిగి, ఒక్క వరుస క్రోమోసోములతో, ఫలదీకరణమునకు మునుపే పెరుగనారంభించును. అనగా అతిథి వచ్చునో రాడో తెలియకయే వంట మొదలగునన్నమాట.

పూలమొక్కలలో అట్లుగాదు. పరాగనాళము రెండు పురుషబీజములను పిండకోశమునకు గొనివచ్చును. అందొకటి స్త్రీబీజముతో గలిసి పిండము కాగా, రెండవది నడుమనున్న రెండు కేంద్రకములతో గలిసి, సాధారణముగ మూడు వరుసల క్రోమోసోములు గల అంకురచ్ఛదమను ఆహారకణజాలమునకు మూలమగును. 1898లో రష్యాదేశీయుడు నవాషిన్, మరుసటి యేట ఫ్రాన్సున గిన్యార్ ఈ ద్విఫలదీకరణమును లోకమునకు వెల్లడించిరి. ఇచ్చట అన్నము పిండమునకు తోబుట్టువు.

దీనిని కన్నులార జూడగోరువారు కొబ్బరిబొండమును కొట్టి చూడవలెను. లేతకాయలోని నీరు ద్రవరూపమగు అంకురచ్ఛదమే; అందు కేంద్రకములు గోడలు లేకయే విభజింపబడుచుండును. కాయ ముదిరినకొలది అంచున కణములకు గోడలేర్పడి, మొదట మీగడవలె, పిదప గట్టి కొబ్బరిగ మారును. మెత్తని కన్ను క్రింద నణగియున్న పిండము మొలకెత్తు వేళ, లోనికి చాచెడు మెత్తని బెండువంటి యవయవమే మనము ప్రీతితో తిను కొబ్బరిపువ్వు. అది కొబ్బరిని కరిగించి మొలకకు చేర్చును. సెనగ, చిక్కుడు మొదలగు వానియందు పిండము ఆ యాహారమును ముందే ఆరగించి బీజదళములలో దాచుకొనును.

ఈ పిండశాస్త్రవిద్యకు ఢిల్లీ ఒకనాడు లోకప్రసిద్ధమైన పీఠము. 1949లో పంచానన మహేశ్వరి ఢిల్లీ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రశాఖాధిపతియై, 1950లో వెలువరించిన పిండశాస్త్రగ్రంథము దేశదేశముల విద్యార్థులకు ఒజ్జయైనది. 1962లో అచ్చటనే కాంత, రంగస్వామి, మహేశ్వరి గసగసాల మొక్క అండములను పరీక్షనాళికలో నుంచి, వానిపై పుప్పొడి చల్లి, విత్తనములు కట్టించిరి. 1965లో అచ్చటి శాస్త్రజ్ఞులు జోహ్రి, భోజ్వాని ఎక్సోకార్పస్ అను మొక్క అంకురచ్ఛదమును పోషకద్రవ్యముపై పెంచి, దానినుండియే కొమ్మలను మొలిపించిరి.

ఈ చివరి ప్రయోగమును తలచునపుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగును. అన్నమని మనమెంచిన కణజాలమున మొక్క కాగల శక్తి సుప్తముగ నున్నదనియు, అయినను ప్రకృతియందు అది తాను మొలవక తోడబుట్టిన పిండమును మొలిపించి యంతరించుననియు దానివలన దెలిసినది. వరియన్నమునందును, గోధుమపిండియందును మనము భుజించునది ప్రధానముగ నీ అంకురచ్ఛదమే; కంచమునందలి ప్రతి మెతుకును ఒక మొలకకై యుద్దేశింపబడిన సద్దియే.