చాతం గాలిలో మెగ్గర్ మాట

అండమాన్ రాజధాని శ్రీ విజయపురానికి, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, చిన్న వంతెనతో కలిసిన దీవి చాతం. 1883లో మొదలైన సామిల్లు ఉన్నది ఇక్కడే. డీజిల్ జనరేటర్ల పవర్‌హౌస్ కూడా ఇక్కడే ఉంది. చుట్టూ ఉప్పునీరు, ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, ఏడాదిలో ఎక్కువ కాలం చెమ్మగాలి. రాగితీగ చుట్టిన ఏ యంత్రానికైనా ఇది గట్టి పరీక్షే. ఇప్పుడు శ్రీ విజయపురం రోడ్ల మీదికి ఎలక్ట్రిక్ బస్సులూ వచ్చాయి. వాటి మోటార్లకు జబ్బు చేస్తే కనిపెట్టే సాధనం మాత్రం కొత్తది కాదు. దాని పేరు మెగ్గర్.

నికోలా టెస్లా ఏసీ మోటారుకు పేటెంట్లు పొందింది 1888లో. మరుసటి ఏడాదే ఇంగ్లండులో సిడ్నీ ఎవర్షెడ్ ఇన్సులేషన్‌ను కొలిచే పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. మోటారూ, దాని వైద్యుడూ ఏడాది తేడాతో పుట్టారన్నమాట. 1903లో ‘మెగ్గర్’ అన్న పేరు ట్రేడ్‌మార్క్ అయింది. చేత్తో హ్యాండిల్ తిప్పితే లోపలి చిన్న డైనమో వందల వోల్టులు పుట్టించేది. రెండు కాయిళ్లు ఒకే ఇరుసు మీద ఉండి ఒకటి వోల్టేజీకి, మరొకటి కరెంటుకు స్పందించేవి. అందువల్ల హ్యాండిల్ వేగం కాస్త అటూఇటూ అయినా ముల్లు చూపే లెక్క మారేది కాదు. మన పల్లెల్లో పంపుసెట్ మోటార్లకు రీవైండింగ్ చేసేవాళ్లు ‘బాడీ షార్ట్’ ఉందో లేదో చూసేదీ దీంతోనే.

మోటారులో రాగితీగ మీద ఇన్సులేషన్‌గా ఎనామిల్ పూత ఉంటుంది. దాన్ని వేడి పెళుసు చేస్తుంది. బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే ఇన్వర్టర్ సెకనుకు వేలసార్లు కరెంటును తెంచి కలుపుతుంటే పుట్టే వోల్టేజీ పోట్లు దాన్ని బలహీనపరుస్తాయి. సన్నటి పగుళ్లలోకి ఉప్పుతేమ దిగితే కరెంటు బాడీలోకి కారడం మొదలవుతుంది. ఆ లీకేజీని పసిగట్టి బండిలోని కంప్యూటర్ ‘ఇన్సులేషన్ లోపం’ అని హెచ్చరిస్తుంది. చాలా బండ్లు ఆ తర్వాత మళ్లీ స్టార్ట్ కావు.

తప్పు మోటారుదేనని అక్కడే తేల్చేయకూడదు. బ్యాటరీ, కేబుళ్లు, ఎయిర్ కండిషనర్ కంప్రెసర్, మోటారు అన్నీ ఒకే హైవోల్టేజీ లైనులో ఉంటాయి. ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. ముందుగా హైవోల్టేజీ లైనును తెంచే సర్వీస్ ప్లగ్ తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగి, కెపాసిటర్లలో వోల్టేజీ మిగల్లేదని మీటరుతో నిర్ధారించుకోవాలి. రబ్బరు గ్లోవ్స్ తప్పనిసరి. శాశ్వత అయస్కాంతాలున్న మోటారైతే చక్రాలు తిరిగినా కరెంటు పుడుతుంది. కాబట్టి బండి కదలకుండా ఉండాలి.

తర్వాత మోటారు మూడు తీగలనూ ఇన్వర్టర్ నుంచి విప్పి, తీగకూ బాడీకీ మధ్య సాధారణంగా 500 వోల్టులు ఒక నిమిషం పెట్టి చూస్తారు. ఇన్వర్టర్ విప్పకుండా మెగ్గర్ పెడితే అందులోని ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. ఏసీ సర్క్యూట్లకు భారత ప్రమాణం ఏఐఎస్-038 అడిగేది వోల్టుకు 500 ఓములు. 600 వోల్టులకు 3 లక్షల ఓములు. ఇది ప్రాణభద్రతకు కనీస హద్దు మాత్రమే. మంచి వైండింగ్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే రీడింగ్ దాదాపు సగమవుతుంది కనుక ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. ఆరబెట్టాక అంకె పెరిగితే దోషం తేమది. పెరగకపోతే పూత దెబ్బతిన్నదని అనుమానించాలి.

మెగ్గర్‌కు అందని రోగం ఒకటుంది. ఒకే కాయిల్‌లో పక్కపక్క చుట్లు అంటుకుంటే బాడీకి లీకేజీ ఉండదు, మెగ్గర్ అంతా బాగుందంటుంది. అప్పుడు మిల్లీఓమ్ మీటరుతో మూడు ఫేజుల మధ్య నిరోధాన్ని పోల్చాలి. మూడూ దాదాపు సమానంగా రావాలి. మామూలు మల్టీమీటరు ఇక్కడ చాలదు. దాని వైర్ల నిరోధమే వైండింగ్ నిరోధం కంటే ఎక్కువ కావచ్చు. ఒకటి రెండు చుట్లే అంటుకుంటే ఈ తేడా కూడా కనబడకపోవచ్చు, అప్పుడు సర్జ్ టెస్టర్ కావాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా బండి కుదుపులిస్తుంటే, రోటరు ఎక్కడుందో చెప్పే రిజాల్వర్ సెన్సర్‌నూ దాని కనెక్టర్‌నూ చూడాలి. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు త్వరగా తుప్పు పడతాయి.

అండమాన్‌లో ఈ పరీక్షలకు విలువ ఎక్కువ. చెన్నై నుంచో విశాఖ నుంచో కొత్త మోటారు వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. ఆరబెడితే బాగయ్యేదాన్ని మార్చేయడం డబ్బుకూ కాలానికీ దండుగ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్లలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకునే ప్రతి యువకుడికీ, యువతికీ చెప్పదగిన మాట ఒక్కటే: బండి ఆరోగ్యంగా ఉన్న రోజునే ఇన్సులేషన్ కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసిపెట్టండి. ఏటా ఆ అంకె తగ్గుతూ వస్తోందంటే, మోటారు ఆగిపోకముందే మీకు తెలిసిపోతుంది.