సగటు లెక్కయు, రక్తహీనతయు

కళాశాలలలో గణాంకశాస్త్రము చదువు విద్యార్థులు నలుగురైదుగురు జట్టుగా చేరి, ఏదేని ఒక విషయమును గూర్చిన అంకెలను స్వయముగా సేకరించి, పట్టికలు కట్టి, సగటు మున్నగునవి కనుగొని నివేదిక వ్రాయుట పరిపాటి. పెక్కు జట్లు క్రికెట్టు పరుగులనో, బజారు ధరలనో ఎన్నుకొనును. అందు దోషము లేదు. కాని సమీపమునందలి ఉన్నత పాఠశాల బాలికల రక్తములోని హిమోగ్లోబిన్ అంకెలను ఎన్నుకొన్న జట్టునకు లెక్కతోపాటు ఒక బాధ్యతయు సంక్రమించును.

2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వరకు వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. 15 మొదలు 19 ఏండ్ల వరకు గలవారిలో ఈ సంఖ్య 59. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను పరిస్థితి ఇంతకంటె మెరుగుగా లేదు.

పండ్రెండేండ్లు నిండిన బాలికకు డెసిలీటరు రక్తమున 12 గ్రాములకు తక్కువగా హిమోగ్లోబిన్ ఉన్నచో అది రక్తహీనత. 8 గ్రాములకు తగ్గినచో తీవ్రమైన రక్తహీనత. రక్తము తీయుట ఆరోగ్య సిబ్బంది పని. తల్లిదండ్రుల అనుమతి పొందుటయు, పేర్లకు బదులు సంఖ్యలు వేసి అంకెలు వ్రాసికొనుటయు విద్యార్థుల పని.

ఒక తరగతిలో పదిమంది బాలికల అంకెలు ఇట్లున్నవనుకొందము: 13.4, 13.2, 13.1, 12.9, 12.8, 12.6, 12.4, 12.3, 10.6, 6.7. వీని మొత్తము 120. సగటు సరిగా 12. సగటును మాత్రమే చూచినవాడు తరగతి అంతయు ఆరోగ్యముగా నున్నదని తృప్తిపడును. మధ్యగతము 12.7. అది మరింత తృప్తి కలిగించును! ఇరువురు బాలికలకు రక్తహీనత కలదనియు, అందొకతె స్థితి తీవ్రమైనదనియు ఈ రెండు అంకెలును చెప్పవు.

చెప్పునది వ్యాప్తి. ప్రతి అంకెకు సగటుతో గల భేదమును వర్గముచేసి కూడినచో 36.72 వచ్చును. అందు 28.09 ఆ ఒక్క బాలికదే. పరీక్షలో మార్కులకై క్రమవిచలనమును కంఠస్థము చేయు విద్యార్థికి దాని ప్రయోజనము ఇచ్చట బోధపడును. ఇట్టి అంకెను దారితప్పిన అంకెయని కొట్టివేయుట కొందరికి అలవాటు. ముందుగా పరికరమును సరిచూచి మరల పరీక్షింపవలెను. అప్పుడును అదే అంకె వచ్చినచో, నివేదిక ముగియువరకు ఆగక, ఆ దినమే బాలికను వైద్యునికి చూపవలెను.

పరీక్షా పద్ధతియు ముఖ్యమే. వ్రేలి కొననుండి తీసిన రక్తమునకును, నరమునుండి తీసిన రక్తమునకును ఫలితములు కొంత భేదింపవచ్చును. కావున రెండింటిని ఒకే పట్టికలో కలుపరాదు.

బడిపిల్లలకు వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు ఇనుము మాత్రల లెక్కయు ఇట్టిదే. రిజిస్టరులో పంచినట్లున్న మాత్ర మ్రింగిన మాత్ర కానక్కరలేదు. కడుపులో వికారమని దాచివేయు బాలికలు కలరు. భోజనమైన పిదప మ్రింగినచో ఆ బాధ తగ్గును. పంచినవానిని ఒక వరుసలోను, ఉపాధ్యాయుని యెదుట మ్రింగినవానిని వేరొక వరుసలోను వ్రాసిన జట్టు సగము పని చేసినట్లే.

ఇక హాజరుపట్టీ. అందు పండ్రెండు పేర్లుండి, పరీక్షకు వచ్చినవారు పదిమందియే అయినచో తక్కిన ఇరువురు ఏమైరి? నీరసముచేతనే రాలేదేమో. అట్లయినచో పట్టికలో లేనివారే పట్టికకు మిక్కిలి అవసరమైనవారు. వారిని విడిచి పదిమందికి లెక్కించిన సగటు ఉన్నదానికంటె మంచి స్థితిని చూపును. జట్టులో ఒకరు ఆరోగ్య కార్యకర్తను వెంటబెట్టుకొని ఆ రెండు ఇండ్లకు పోయి రావలెను. అంతవరకు ఆ రెండు గడులను ఖాళీగా ఉంచి, క్రింద కారణము వ్రాయవలెను.