చేయి పట్టి నడిపించేవారూ నేర్చుకోవాలి

మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ఇంటి పెద్దకు పక్షవాతం వస్తే ఆ కుటుంబం ఏమవుతుంది? ఒకరు మంచాన పడితే, చూసుకోవడానికి మరొకరు కూలి మానుకోవాలి. పడిన కాలూ చేయీ తిరిగి ఆడేలా వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా పట్టణాల్లోనే ఉంటారు. ఆ లోటులోనే పసరు మందులూ పావురం రక్తమూ ఇంట్లోకి వస్తాయి.

ఆ వ్యాయామాలను ఇంటివారికే నేర్పితే? ఆలోచన మంచిదే. కాని మంచిదని తోచిన ప్రతిదీ మేలు చేస్తుందా? ఇది తేల్చడానికి మన దేశంలో 'అటెండ్' అనే పెద్ద పరిశోధన జరిగింది. లూథియానా క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ జయరాజ్ పాండియన్, సిడ్నీకి చెందిన డాక్టర్ రిచర్డ్ లిండ్లీ దీనిని నడిపిన వారిలో ముఖ్యులు. 2014 జనవరి నుండి 2016 ఫిబ్రవరి వరకు 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులను చేర్చుకున్నారు. హైదరాబాదు నిమ్స్‌తో పాటు మన గుంటూరులోని లలితా సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కూడా అందులో పాల్గొన్నది.

చీటీలు తీసినట్టుగా రోగులను రెండు భాగాలు చేశారు. మామూలు వైద్యం అందరికీ అందింది. ఒక భాగంలోని కుటుంబాలకు మాత్రం రోగిచేత రోజువారీ పనులు సాధన చేయించడం అదనంగా నేర్పారు. ఆసుపత్రిలో మొదలైన ఆ శిక్షణ ఇంటి వద్ద రెండు నెలల వరకు సాగింది. ఆరు నెలలకు, ఎవరు ఏ భాగమో తెలియని వారు రోగుల స్థితిని పరిశీలించారు.

2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వెలువడింది. మరణించినవారు, పరాధీనంగా మిగిలినవారు కలిపి శిక్షణ పొందిన భాగంలో 47 శాతం. పొందని భాగంలోనూ 47 శాతమే!

మరి ఆ శ్రమంతా వృథాయేనా? కాదు. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి కాలం గడిచేకొద్దీ కొంత దానంతటదే నయమవుతుంది. పోల్చి చూడని థెరపిస్టు అదంతా తన చేతి చలవే అనుకోవచ్చు. పరిశోధనలో పాల్గొన్నవారు అందరినీ ఒకే కొలతతో కొలవాలి. కోరుకున్నది కాదు, కనిపించినది రాయాలి. ఫలితం తమ ఆశకు ఎదురైనా ఒప్పుకోవాలి. 2015లో వెలువడిన 'అవర్ట్' పరిశోధన కూడా ఇటువంటి పాఠమే నేర్పింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే మొదలుపెట్టి పదేపదే లేపి నడిపిస్తే మేలని ఆశించారు. తీరా చూస్తే అలా చేసినవారిలో బాగా కోలుకున్నవారు తగ్గారు. డిప్లొమా ఎన్నేళ్లనాటిదైనా, ఇటువంటి సత్యం తెలుసుకున్న చేతులే రోగికి క్షేమం.

ప్రియ పాఠకులారా, దీన్ని విని వ్యాయామాలు మానకండి. మామూలు వైద్యం పనికిరాదని ఈ పరిశోధన చెప్పలేదు. మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి; గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పరిశోధనలో చేరమని ఎవరైనా అడిగితే భయపడకండి, సంగతులన్నీ అడిగి తెలుసుకోండి. చేరడం, మధ్యలో మానడం మీ ఇష్టం. మానినా మీకు అందవలసిన వైద్యం ఆగకూడదు. మీరు ఇచ్చే ఆ సమ్మతి రేపు మరొక పల్లెలో మరొక మంచం దగ్గర వెలుగు కావచ్చు.